పన్ను కట్టినవాడికి పన్ను కట్టరు

ఒక ఆదివారం పొద్దున్నే న్యూజెర్సీ నుంచి పెదనాన్న ఫోను. "ఒరేయ్, ముప్ఫై నాలుగేళ్ళు ఈ దేశానికి పన్ను కట్టాను. ఇప్పుడు నాకు మూడు పళ్ళు కట్టమంటే కట్టరట!" అన్నారు. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

విషయం ఏమిటంటే, ఆయన గుండెలో ఒక కవాటం మార్చాలి. ఆపరేషనుకి ముందు నోట్లో ఎక్కడా ఇన్‌ఫెక్షను లేదని డెంటిస్టు కాగితం రాసివ్వాలి. లేకపోతే సర్జను ముట్టుకోడు (చిగుళ్ళలోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసి కొత్త కవాటం మీద తిష్ఠ వేస్తే ప్రాణానికే ముప్పు). డెంటిస్టు చూసి మూడు పళ్ళు తీసెయ్యాల్సిందే అన్నాడు. తియ్యడానికి మెడికేర్ డబ్బులిచ్చింది. తీసిన చోట కొత్తవి పెట్టడానికి మాత్రం పైసా ఇవ్వనంది. ఆపరేషను బాగానే అయింది, మనిషి కులాసా. కానీ "మరి నమలడం ఎట్లారా?" అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

సరిగ్గా అదే వారం మా ఆఫీసులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంటు. ఏటా నేను చేసేదేమిటంటే, మెడికల్ ప్లాను దగ్గర స్ప్రెడ్‌షీటు తెరిచి గంటా గంటన్నరా లెక్కలేసి, డెంటల్ పేజీ వచ్చేసరికి ఓపిక అయిపోయి, పోయినేడు ఏది టిక్కు పెట్టి ఉందో దాన్నే మళ్ళీ నొక్కెయ్యడం. మీలో చాలామందీ అంతేనని నా అనుమానం. ఈసారి పెదనాన్న మాట చెవిలో గింగుర్లాడుతూండడంతో కాస్త తవ్వి చూద్దామనిపించింది. తవ్వితే అది 1840 దాకా పోయింది.

అసలు మొదటి సందేహం పళ్ళకి వేరే ఇన్సూరెన్సు ఏమిటని. మోకాలికొక కార్డు, మోచేతికొక కార్డు లేవు కదా? నాలుకకి పుండైతే మెడికల్. ఆ నాలుకకి అరంగుళం పక్కనున్న పన్ను పుచ్చితే డెంటల్. శరీరాన్ని ఇలా పాళ్ళు పంచింది ఎవరు?

పూర్వం ఐరోపాలో పళ్ళు పీకింది మంగలి సర్జన్లు. మన ఊళ్ళలోనూ గడ్డలు కోసి కట్లు కట్టే పని మంగలి చేతిలోనే ఉండేది, కాబట్టి ఈ విషయంలో మనం ఒకరిని చూసి నవ్వక్కర్లేదు. పారిస్‌లో పియేర్ ఫోషార్ అనే ఆయన 1728లో పళ్ళ వైద్యం మీద పెద్ద పుస్తకం అచ్చువేసి దానికొక శాస్త్రం హోదా తెచ్చాడు. అయినా చదువుకున్న వైద్యులు దాన్ని చేతిపనిగానే చూశారు. అమెరికాలో హొరేస్ హేడెన్, చేపిన్ హారిస్ అనే ఇద్దరు కలిసి 1840లో బాల్టిమోర్‌లో ప్రపంచంలోనే మొదటి డెంటల్ కాలేజీ పెట్టారు. దాని వెనక డెంటిస్టులు తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. మొదట వాళ్ళు అక్కడి యూనివర్సిటీ మెడికల్ కాలేజీకి వెళ్ళి "పళ్ళ చదువు కూడా మీలో కలుపుకోండి" అని అడిగితే, ఆ ప్రొఫెసర్లు అదంత ముఖ్యమైన విషయం కాదని తిప్పి పంపేశారట. ఇది నిజంగా ఇలాగే జరిగిందా అని చరిత్రకారుల్లో వాదన ఉంది. కథ సంగతెలా ఉన్నా ఫలితం మాత్రం మన కళ్ళ ముందే ఉంది. కాలేజీ వేరు, డిగ్రీ వేరు, లైసెన్సు వేరు, సంఘం వేరు. ప్రాజెక్టు మొదట్లోనే ఎవరో బ్రాంచి విడదీశారు, మళ్ళీ మెర్జ్ చేసే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఇలా విడిపోయినదాని అసలు ఖరీదు ఇన్సూరెన్సు పుట్టినప్పుడు తెలిసింది.

1929లో డాలస్‌లో బేలర్ యూనివర్సిటీ ఆసుపత్రి వ్యవహారాలు చూసే జస్టిన్ కింబల్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఊరి బడిపంతుళ్ళు ఆసుపత్రి బిల్లులు కట్టలేక బాకీ పడుతున్నారు. నెలకి తలో యాభై సెంట్లు ముందే కట్టేస్తే, అవసరమైనప్పుడు 21 రోజుల దాకా ఆసుపత్రిలో ఉండొచ్చు అన్నాడు. బ్లూ క్రాస్ మొలిచింది అక్కడే. ఇక్కడ గమనించాల్సింది, ఈ ఏర్పాటు పుట్టింది ఆసుపత్రి మంచం చుట్టూ అని. డెంటిస్టు ఆసుపత్రిలో ఉండడు, వీధిలో తన సొంత గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. అందుకని ఆయన ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇన్సూరెన్సు లెక్కలు వేసేవాళ్ళకి పళ్ళంటే భయం కూడా. ఇల్లు కాలిపోవడం ఎప్పుడో, ఎవరికో జరుగుతుంది. అందుకే పదివేలమంది దగ్గర కొంచెం కొంచెం పోగుచేసి కాలినవాడికి ఇవ్వగలరు. పళ్ళు అలా కాదే! అందరికీ పుచ్చుతాయి. పైగా వాయిదా వేసుకోవచ్చు. ఇవాళ ప్లాను కొని, రేపు క్రౌను వేయించుకుని, ఎల్లుండి మానెయ్యొచ్చు.

ఈ భయం ఉత్తిది కాదని బ్రిటన్‌లో తేలింది. 1948 జూలై 5న వాళ్ళు జాతీయ ఆరోగ్య సేవ మొదలుపెట్టి, అందులో పళ్ళూ కళ్ళద్దాలూ కూడా ఉచితం అన్నారు. అంతే, దశాబ్దాల తరబడి బోసినోళ్ళతోనో పుచ్చుపళ్ళతోనో గడిపిన జనం కట్టుడుపళ్ళ కోసం విరుచుకుపడ్డారు. అంచనాలన్నీ తలకిందులయ్యాయి. మూడేళ్ళు తిరక్కుండానే, 1951లో, ప్రభుత్వం కట్టుడుపళ్ళకి రుసుము పెట్టింది. ఆ సేవని కట్టిన మంత్రి అనూరిన్ బెవన్ అది నచ్చక రాజీనామా చేశాడు. పళ్ళసెట్టు కోసం పదవి వదులుకున్న మంత్రి చరిత్రలో ఇంకొకడు ఉన్నాడేమో మీకు తెలిస్తే చెప్పండి.

మళ్ళీ అమెరికాకి వద్దాం. రెండో ప్రపంచయుద్ధం మొదట్లో సైన్యంలో చేరడానికి పైనా కిందా ఒకదానికొకటి ఆనే పళ్ళు ఇన్ని ఉండాలని నియమం ఉండేది. అదేమీ పెద్ద పరీక్ష కాదు, అయినా అందులో తప్పినవాళ్ళు ఎంతమందంటే చివరికి నియమాన్నే సడలించాల్సి వచ్చింది. అదే యుద్ధకాలంలో, 1942లో, జీతాలు పెంచకూడదని చట్టం చేశారు. మనుషులు దొరకని రోజుల్లో జీతం పెంచకుండా మనిషిని పట్టి ఉంచడం ఎలా? ఆరోగ్య బీమా లాంటి సౌకర్యాలు ఆ కట్టడి కిందికి రావన్నారు. ఇంకేం, కంపెనీలన్నీ అటు పరిగెత్తాయి. అమెరికాలో ఉద్యోగానికీ ఇన్సూరెన్సుకీ ముడి గట్టిగా పడింది ఆ రోజుల్లోనే. మనం ఇవాళ లేఆఫ్ అనగానే ముందు పిల్లల డాక్టరు అపాయింట్‌మెంట్లు గుర్తుకు తెచ్చుకునేది ఆ ముడి వల్లే.

ఆ తర్వాత 1954. ఈ కథకి గుండెకాయ ఈ సంవత్సరం. ఆ ఏడు రెండు సంగతులు జరిగాయి, రెండూ పన్ను గురించే.

మొదటిది కట్టే పన్ను. ఆ ఏడాది వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం, యజమాని ఉద్యోగి ఆరోగ్య బీమాకి కట్టే డబ్బు ఉద్యోగి ఆదాయం కిందికి రాదని స్పష్టంగా రాసేసింది. అంటే కంపెనీ వంద డాలర్లు జీతంగా ఇస్తే అందులో పన్ను కోత ఉంటుంది, బీమాగా ఇస్తే వందకి వందా దక్కుతుంది.

రెండోది నమిలే పన్ను. పడమటి తీరం రేవుల్లో, అంటే సియాటిల్, పోర్ట్‌లాండ్, శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజిలిస్ ఓడల దగ్గర, బరువులు మోసే కార్మికులకి హ్యారీ బ్రిడ్జెస్ నాయకత్వంలో గట్టి యూనియను ఉండేది. ఓడల కంపెనీలతో కలిసి వాళ్ళు నడిపే సంక్షేమ నిధిలో డబ్బు మిగిలింది. ఏం చేద్దామని ఆలోచించి, కార్మికుల పిల్లలకి పళ్ళ వైద్యం చేయిద్దామన్నారు. గమనించారా, తమకి కాదు, పిల్లలకి. ఇన్ని వేలమంది పిల్లల్ని ఒక్కసారిగా ఎవరు చూడాలి, లెక్కలెవరు చూడాలి? అప్పుడు ఆయా రాష్ట్రాల డెంటిస్టుల సంఘాలే ముందుకొచ్చి లాభాపేక్ష లేని సంస్థలు పెట్టాయి. వాషింగ్టన్‌లో 1954లో, కాలిఫోర్నియాలో 1955లో. ఇవాళ మనలో చాలామంది కార్డు మీద కనిపించే డెల్టా డెంటల్ ఆ సంస్థల సంతానమే. రేవు కూలీల పిల్లల కోసం పుట్టిన పథకం మీద సాఫ్ట్‌వేరు కూలీలం బతుకుతున్నాం!

ఈ పుట్టుక చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. డెంటల్ ఇన్సూరెన్సు అనేది పుట్టుకలోనే ఇన్సూరెన్సు కాదు. యూనియను బేరమాడి తెచ్చుకున్న సౌకర్యం అది, ఏడాదికి ఇంత అని ముందే తూచి ఇచ్చే రేషను. తర్వాత కార్ల ఫ్యాక్టరీల యూనియన్లూ, స్టీలు యూనియన్లూ అదే బాటలో సాధించుకోవడంతో 1970లలో దేశమంతా పాకింది. శుభ్రం చేయించుకుంటే నూటికి నూరు, ఫిల్లింగుకి ఎనభై, క్రౌనుకి యాభై అనే లెక్క ఇప్పటికీ చాలా ప్లాన్లలో కనిపిస్తుంది. ఆ రోజుల్లో చాలా ప్లాన్లలో ఏడాదికి ఇచ్చే గరిష్ఠ మొత్తం వెయ్యి డాలర్లు. అప్పటినుంచి ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. ఈ గరిష్ఠం మాత్రం ఇప్పటికీ చాలా ప్లాన్లలో వెయ్యికీ రెండువేలకీ మధ్యే తచ్చాడుతోంది. ఎవడో హార్డ్‌కోడ్ చేసిన సంఖ్య, యాభై ఏళ్ళుగా ప్రొడక్షన్‌లో నడుస్తోంది, ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

మెడికల్ ఇన్సూరెన్సులో మన జేబులోంచి పోయే డబ్బుకి ఒక హద్దు ఉంటుంది, అది దాటితే కంపెనీ భరిస్తుంది. డెంటల్‌లో హద్దు కంపెనీకి! అది దాటితే మనం భరించాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తర్వాత రాసేదంతా చదవకపోయినా ఫర్వాలేదు.

ఇక పెదనాన్న సంగతి. 1965 జూలై 30న లిండన్ జాన్సన్ మిస్సోరిలోని ఇండిపెండెన్స్ అనే ఊరికి వెళ్ళి, ముసలి ట్రూమన్‌ని పక్కన కూచోబెట్టుకుని మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టాడు. వైద్యుల సంఘం ఆ చట్టాన్ని ప్రాణం పెట్టి వ్యతిరేకించింది, డెంటిస్టుల సంఘమూ ఒప్పుకోలేదు. వైద్యులు వద్దన్నా లాక్కొచ్చి కలిపారు. డెంటిస్టులు వద్దంటే "సరే మీ ఇష్టం" అన్నట్టు వదిలేశారు. పళ్ళకి వైద్యం చెయ్యడం, నింపడం, తియ్యడం, కొత్తవి పెట్టడం, ఆ పళ్ళని పట్టి ఉంచే ఎముకా చిగురూ బాగుచెయ్యడం, వీటికి దేనికీ డబ్బివ్వకూడదని చట్టంలోనే రాసేశారు. కళ్ళద్దాలకీ, వినికిడి యంత్రాలకీ కూడా అదే గతి. ముసలివాళ్ళ కోసం చట్టం చేస్తూ ముసలితనంలో ముందుగా పోయే కళ్ళనీ, చెవుల్నీ, పళ్ళనీ వదిలెయ్యడం ఏం తెలివో నాకైతే అర్థం కాదు. ఆనాటి అమెరికాలో అరవై ఐదు దాటినవాళ్ళలో సుమారు సగం మందికి సొంత పళ్ళే లేవు. పోయేవి పోతాయి, దానికి ప్రభుత్వం ఏం చేస్తుందిలే అనుకునే కాలం కాబోలు.

ఆ వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది. మీద అతుకులు మాత్రం పడ్డాయి. 2007లో మేరీలాండ్‌లో పన్నెండేళ్ళ కుర్రాడొకడు పన్ను పుచ్చి, ఆ చీము మెదడుకి ఎక్కి చనిపోయాడు. ఎనభై డాలర్లతో పీకించాల్సిన పన్ను. ఆసుపత్రి బిల్లు రెండున్నర లక్షల డాలర్లు! ఆ చావు దేశాన్ని కుదిపింది. 2009లో పేద పిల్లల బీమా పథకంలో పళ్ళు తప్పనిసరి అయ్యాయి. 2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టం పిల్లల పళ్ళని అత్యవసర సౌకర్యాల్లో చేర్చింది, పెద్దవాళ్ళవి చేర్చలేదు. 2021లో మెడికేర్‌లో పళ్ళు కలుపుదామని వాషింగ్టన్‌లో గట్టి ప్రయత్నమే జరిగింది. డెంటిస్టుల సంఘం ఈసారి "అందరికీ వద్దు, ఆదాయం తక్కువున్న ముసలివాళ్ళకి ఇవ్వండి, అదీ వేరే ఏర్పాటుగా" అంది. ఖర్చుల బేరాల్లో పళ్ళు రాలిపోయాయి. 2023 నుంచి మాత్రం ఒక చిన్న తలుపు తెరుచుకుంది. అవయవ మార్పిడి, గుండె కవాటం లాంటి వైద్యాలు సవ్యంగా జరగడానికి నోట్లో ఇన్‌ఫెక్షను తియ్యక తప్పదంటే, ఆ తీసే పనికి మెడికేర్ ఇవ్వొచ్చని రూలు రాశారు. తర్వాత రెండేళ్ళలో కొన్ని క్యాన్సర్లనీ, డయాలిసిస్‌నీ కూడా అందులో చేర్చారు. పెదనాన్న మూడు పళ్ళూ ఆ తలుపులోంచే బయటికి పోయాయి. కొత్తవి లోపలికి రావడానికి మాత్రం తలుపు లేదు.

చరిత్ర చాలు, టిక్కు ఎక్కడ పెట్టాలో చెప్పమంటారా? నాకు తోచింది చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

ఒంటరివాళ్ళు, ఆఫీసు వాళ్ళు ప్రీమియంలో ఎక్కువ భాగం కడుతుంటే మారుమాట్లాడకుండా తీసుకోండి. అది మీ జీతమే. సొంతంగా బయట కొనేట్టయితే కాగితం మీద లెక్క వెయ్యండి. నెలకి నలభై అనుకుంటే ఏడాదికి 480 డాలర్లు. ఏటా రెండు క్లీనింగులూ ఒక ఎక్స్‌రే తప్ప ఏమీ లేనివాడికి, జేబులోంచి కట్టుకున్నా దాదాపు అంతే అవుతుంది. పద్నాలుగు వందల క్రౌను పడితే డిడక్టిబుల్ యాభై పోగా, మిగతాదానిలో సగం, 675 వస్తుంది. కానీ కొత్తగా కొన్నవాళ్ళకి పెద్ద పనుల మీద ఆరు నెలలో ఏడాదో ఆగమనే షరతు ఉంటుంది (అంతకుముందు ఆగకుండా వేరే ప్లాను ఉండి ఉంటే చాలామంది ఈ షరతు ఎత్తేస్తారు, అడగండి). నన్నడిగితే అసలు లాభం ఆ శాతాల్లో కంటే నెట్‌వర్కు రేట్లలో ఉంది. ప్లానుతో ఒప్పందం ఉన్న డెంటిస్టు బయటి రేటు వెయ్యకూడదు. ఆ తగ్గింపు, గరిష్ఠం దాటిపోయాక కూడా చాలాచోట్ల వర్తిస్తుంది.

మనవాళ్ళకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది, నేను స్వయంగా తిన్నాను. ఇంజనీరింగులో ఉండగా విజయవాడలో ఒక దంతం పీకించుకుని, "లోపలిదే కదా, ఎవరికి కనబడుతుంది" అని వదిలేశాను. ఇక్కడ ఉద్యోగంలో చేరాక, ప్లాను ఉంది కదా అని ఆ సందులో బ్రిడ్జి వేయించుకుంటే క్లెయిము తిరగగొట్టారు. ప్లాను మొదలవక ముందే పోయిన పన్ను వాళ్ళ బాధ్యత కాదట. తీరా చూస్తే నిజంగానే ఆ మాట చిన్నక్షరాల్లో ఉంది. తప్పు నాదే, పని మొదలుపెట్టకముందే అంచనా పంపించి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకుని ఉండాల్సింది. ఇండియాలో ఇంకా పళ్ళు తీయించుకునే పని ఉన్నవాళ్ళూ, ఉద్యోగం మారేవాళ్ళూ ఈ షరతు ఉందో లేదో ముందు చూడండి. అన్నట్టు, హైదరాబాదులో ఇంప్లాంటు చవక అన్నది నిజమే. కాకపోతే అది మూడు వారాల సెలవులో అయ్యే పని కాదు, ఎముక పట్టడానికే నెలలు పడుతుంది. రెండు ప్రయాణాల ఖర్చు కలుపుకుని లెక్క చూసుకోండి.

పిల్లలున్నవాళ్ళు ప్రీమియం కంటే ముందు క్లిప్పుల సంగతి చూడాలి. క్లిప్పులకి ఇచ్చేది ఏటా కాదు, జీవితకాలానికి ఒకేసారి, పదిహేను వందలో రెండు వేలో. భార్యాభర్తలిద్దరి ఆఫీసుల్లోనూ డెంటల్ ఉంటే, ఆ రెండేళ్ళు పిల్లని ఇద్దరి ప్లాన్లలోనూ వేస్తే ఏమైనా కలిసొస్తుందేమో కనుక్కోండి. మిగతాది మాత్రం పన్ను పోని డబ్బుతో కట్టడమే మేలు, హెచ్ఎస్ఏ ఉంటే అందులోంచీ, లేకపోతే ఎఫ్ఎస్ఏ లోంచీ. ఆ పన్ను మిగిల్చి ఈ పన్ను కట్టుకోవడం అన్నమాట.

రిటైరయ్యేవాళ్ళ విషయంలో నాకు తెలిసిన మంచి సలహా ఒక్కటే, అది పెదనాన్నకి ఆలస్యంగా చెప్పాను. ఉద్యోగంలో ఉన్న ఆఖరి రెండేళ్ళలో పెద్ద పనులన్నీ ముగించెయ్యాలి. ఆ తర్వాత దొరికేవి మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో అదనంగా ఇచ్చే డెంటల్ (దానికీ గరిష్ఠం ఉంటుంది, ఆ ఒక్కదాని కోసం గుండె డాక్టరు లేని నెట్‌వర్కులో చేరడం ప్రమాదం), లేదా సొంతంగా కొనుక్కునే ప్లాను, లేదా డెంటల్ కాలేజీల క్లినిక్కులు. హెచ్ఎస్ఏలో దాచుకున్నది ఉంటే అరవై ఐదు తర్వాతా పళ్ళకి పన్ను లేకుండా వాడుకోవచ్చు. ఇక్కడికి చూడ్డానికొచ్చే మన అమ్మానాన్నల కోసం కొనే విజిటర్ ప్లాన్ల మీద ఆశ పెట్టుకోకండి. అవి మహా అయితే హఠాత్తుగా వచ్చిన నొప్పికీ, దెబ్బ తగిలితేనూ కాస్త ఇస్తాయి. బయల్దేరేముందే ఊళ్ళో చూపించి పంపడం నయం.

పెదనాన్న చివరికి యూనివర్సిటీ డెంటల్ క్లినిక్కులో చేరారు. అక్కడ విద్యార్థులు చేస్తారు, వెనక ప్రొఫెసరు నిలబడి చూస్తుంటాడు. బయటి రేటులో సగం కంటే తక్కువే, కాకపోతే ఒక్కోసారి మూడేసి గంటలు కుర్చీలో కూచోవాలి. "నాకేం పనిరా, కూచుంటాను" అన్నారు.

పెద్దమ్మ ఇంకా స్కూల్లో పనిచేస్తోంది, వచ్చే జూన్‌లో రిటైరవుతుంది. ఆవిడకి రెండు క్రౌన్లు పడాలని డెంటిస్టు ఏడాదిగా చెప్తున్నాడట. నొప్పి లేదు కదా అని వాయిదా వేస్తూ వచ్చింది. ఆవిడ ప్లాను గరిష్ఠం పదిహేను వందలు, జనవరి 1న మళ్ళీ సున్నా నుంచి మొదలు. నిన్న రాత్రి ఫోనులో ఇద్దరం క్యాలెండరు ముందేసుకుని కూచున్నాం. మొదటిది డిసెంబరు పదకొండున, రెండోది జనవరి ఎనిమిదిన.